పంపుహౌసు దగ్గర మాయమైన గీత

ఫోన్లో పటాన్ని రెండు వేళ్లతో సాగదీయడం, కుదించడం, పక్కకు తోయడం మీ అందరికీ పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. మీరు చేస్తుంటే ముచ్చటగా చూస్తాను. కానీ నా ఉద్యోగం చివరి ఏడాదిలో అలాంటి పటం ఒకటి ఒక మనిషి ప్రాణం దాకా వచ్చింది. ఆ పటం సరిగ్గా ఉందని సంతకం పెట్టింది నేనే. అందుకని ఈ కథ నేనే చెప్పాలి.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. మామగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. మా ఆయన ఇంజన్ల షెడ్డులో డ్యూటీ చేస్తూ పోయాక నాకు డ్రాయింగ్ ఆఫీసులో హెల్పరు ఉద్యోగం ఇచ్చారు. నేను చదివింది ఐదో తరగతి. మొదట్లో నా పని నకళ్లు తీయడం. ఆ నకళ్ల మిషను కక్కే అమ్మోనియా వాసనకి కళ్లంట నీళ్లు కారుతుంటే పెద్ద పెద్ద కాగితాలు చుట్టలు చుట్టి గూళ్లలో పెట్టేదాన్ని. కొన్నేళ్లకు అక్కడి పెద్ద డ్రాఫ్ట్స్‌మన్, బెంగాలీ ఆయన, నా చెయ్యి నిలకడగా ఉందని గమనించి సిరా పెన్ను చేతికిచ్చాడు. అలా ట్రేసింగ్, అంటే పటం మీద పల్చటి కాగితం పెట్టి సిరాతో గీయడం, నేర్చుకున్నాను.

ఆయన నేర్పిన పద్ధతి ఒకటుంది. గీసిన కాగితాన్ని కంటితో చూసి సరే అనకూడదు. ప్రతి గీత మీదా మొదటి నుంచి చివరి దాకా చూపుడు వేలు నడిపించాలి. "ఎక్కడి నుంచి బయల్దేరావు, ఎక్కడికి పోయావు" అని గీతను అడగాలి. అది జవాబు చెప్పాక ఎర్ర పెన్సిలుతో టిక్కు. కన్ను అలసిపోతే అబద్ధం చెప్తుంది గాని వేలు చెప్పదనేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని కాబట్టి నాకు పేర్ల కన్నా గీతలే బాగా గుర్తుండేవి. మా కాలనీ మట్టి కింద ఏ పైపు ఎటు వంగుతుందో, ఏ కేబుల్ ఏ గోడను ఆనుకుని పోతుందో, మా ఇంట్లో ఏ డబ్బాలో ఏ పప్పుందో తెలిసినంత బాగా తెలుసు.

నా రిటైర్మెంటుకు ఏడాది ఉందనగా పటాలన్నీ ఫోన్లలోకి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తవ్వకం పని చేసే గాంగులు ఇక కాగితం పట్టుకెళ్లక్కర్లేదు, జేబులో ఫోను తీసి చూసుకుంటే చాలు. దానికోసం కాంట్రాక్టు మీద ఒక ఇంజినీరు పిల్లను పెట్టారు. వాళ్ల నాన్నది సీపత్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం. పిల్ల కోనీలో ఇంజినీరింగు చదువుకుంది. ఇంట్లో తెలుగే గాని తెలుగు అక్షరం చూస్తే బెదిరిపోయేది. నన్ను ఆంటీ అనేది, నా టిఫిన్ డబ్బాలో చింతకాయ పచ్చడి ఉందేమోనని మూత తీసి చూసేది.

పాత కాగితంతో ఫోన్లోని పటాన్ని పోల్చి సంతకం పెట్టే పని పెద్ద సారు నాకు అప్పగించాడు. "పాత గీతలు తెలిసినవాళ్లు మీరొక్కరే మిగిలారు" అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది. మర్నాడు ఇంజినీరు పిల్ల తన ఫోను నా ముందు పెట్టింది. నేను అలవాటు కొద్దీ గీత మీద వేలు పెట్టాను. పటం జర్రున జారిపోయింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారిపోయింది.

"ఇదేటే, వేలు పెడితే పారిపోతంది?"

"టచ్ స్క్రీన్ కదా ఆంటీ, వేలు పెడితే మూవ్ అవుతుంది. మీరు ఊరికే చూడండి చాలు."

"ఊరికే సూసి సంతకం ఎట్టమంటావా? నా వల్ల కాదు."

పిల్ల నవ్వింది. "అచ్ఛా, రుకియే, ఒక్క నిమిషం" అని కంప్యూటర్ ముందు కూర్చుని అరగంటలో నాకోసం ఒక బొత్తం తయారు చేసింది, తాళం బొమ్మతో. అది నొక్కితే పటం బిగుసుకుపోతుంది. ఇక వేలు ఎంత నడిపినా కదలదు. నాకు ఎంత సంతోషమైందంటే, మర్నాడు ఆ పిల్ల కోసం సున్నుండలు పట్టుకెళ్లాను. రెండు నెలల పాటు తాళం వేసుకుని, కాగితం పక్కన పెట్టుకుని, గీత గీతకీ వేలు నడిపి ఒక్కొక్క పటానికీ సంతకం పెట్టుకుంటూ పోయాను. ఒక్క గీత తప్పిపోలేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఏప్రిల్ నెల, పొద్దున్నే. తవ్వేవాళ్ల మేస్త్రి, గాంగు మేటు, ఆఫీసుకొచ్చాడు. వాళ్లదీ మా వైపు కుటుంబమే, నన్ను అప్పా అనేవాడు, అక్కా అన్నట్టు. తన కింద నలుగురు మనుషులున్నా గడ్డపార తనే పట్టే రకం. కొత్త పైపు కోసం స్టోరు గోడౌను వెనకాల తవ్వాలట. ఫోను తీసి గర్వంగా నా ముందు పెట్టాడు.

"సూడప్పా, ఇది గోడౌను, ఇది పంపుహౌసు. మద్దిన అంతా కాళీ. రాయి తప్ప ఏటీ తగల్దు."

అద్దం పగిలిన చిన్న ఫోను. చూశాను. గోడౌను ఉంది, పంపుహౌసు ఉంది. రెండూ ఒక్కసారే కనపడాలని పటాన్ని బాగా కుదించి పెట్టాడు. మధ్యలో తెల్లగా ఉంది. "సరేలే, ఎండ ముదరక ముందే కానియ్యి" అన్నాను. వాడు వెళ్లిపోయాడు.

టీ వచ్చింది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. పొయ్యి మీద ఏదో పెట్టి వీధిలోకి వచ్చేసినప్పుడు ఉంటుందే, అలాంటి గుబులు. ఏం పెట్టానో గుర్తు రాదు, పెట్టానని మాత్రం తెలుసు. గోడౌను, పంపుహౌసు. గోడౌను, పంపుహౌసు. ఆ పటం నేను ట్రేసు చేసింది మా పెద్దమ్మాయికి అమ్మవారు పోసిన వారంలో. ఇంటి మీదే ధ్యాస ఉండి గోడౌను మూల దగ్గర పెన్ను కక్కితే, సిరా బొట్టును బ్లేడుతో గీకాను. ఆ బొట్టు పడింది దేని మీద? ముక్కలు ముక్కలుగా పోయే సన్నగీత మీద. మూల దగ్గర మోచెయ్యిలా వంగి పంపుహౌసులోకి పోతుంది. పెద్ద కరెంటు కేబుల్.

గ్లాసు అక్కడే పెట్టేసి పిల్ల దగ్గరికి వెళ్లాను. తన ఫోన్లో ఆ పటం తీయమన్నాను. తీసింది. గీత ఉంది. మోచెయ్యి వంపుతో సహా ఉంది.

"ఉంది కదా ఆంటీ. చెక్ చేసింది కూడా మీరే."

"మేటు ఫోన్లో నేదే."

"కళ్లజోడు పెట్టుకున్నారా?"

ఆ మాట నన్ను పొడిచింది. అయినా ఊరుకోలేదు. మా అమ్మాయి కొనిచ్చిన నా ఫోను, చవకది, తీసి ఇచ్చాను. అంతవరకు నా ఫోన్లో ఆ పటాలు తెరిచి చూసిన పాపాన పోలేదు నేను. పిల్ల దాంట్లో ఎక్కించి తెరిచింది. పటం వచ్చింది. గోడౌనూ, పంపుహౌసూ పట్టేలా కుదించింది.

మధ్యలో తెల్లగా ఉంది.

పిల్ల తాళం నొక్కింది. గీత వచ్చింది. తాళం తీసింది. పోయింది. మళ్లీ నొక్కింది, మళ్లీ వచ్చింది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

మేటుకి ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. పవర్‌హౌసుకి చేసి ఆ లైను ఆపమంటే, పైనుంచి మాట రాకుండా ఆపలేనన్నాడు అక్కడి మనిషి. పెద్ద సారు మీటింగులో ఉన్నాడు, ఆయన ఫోను మోగనే లేదు. ఇద్దరం మెట్లు దిగి పిల్ల స్కూటీ ఎక్కాం. నేను వెనకాల కూర్చుని ఒక చేత్తో దాని భుజం పట్టుకుని, ఇంకో చేత్తో మేటు నంబరు మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నాను.

లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడింది.

బొగ్గు గూడ్సు. బిలాస్‌పూర్‌లో బతికినవాళ్లకు తెలుసు, బొగ్గు బండి వచ్చిందంటే ఇంజను బందు చేసి కాలు కింద పెట్టుకోవాల్సిందే. ఒక్కో డబ్బా ఈడ్చుకుంటూ పోతోంది. పక్కన తోర్వా వైపు నుంచి వచ్చే పాలవాడు బీడీ ముట్టించాడు. ఇలాంటి సమయంలో ఎవరైనా బీడీ ఎలా ముట్టిస్తారో నాకర్థం కాలేదు. చెవి దగ్గర ఫోను మోగుతూనే ఉంది. ప్రతి మోతకీ గడ్డపార ఒకసారి లేచి పడుతున్నట్టు నాకు లోపల వినిపిస్తోంది.

పిల్ల ఊరుకోలేకపోయింది. ఏడుపు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది.

"ఆంటీ, పటం ఫోటోలాగ ఉండదు. గీత ఇక్కడ మొదలు, అక్కడ ముగింపు, ఇంత మందం అని లెక్కలే ఉంటాయి. మీరు వేలితో జరిపినప్పుడల్లా ఫోను మళ్లీ కొత్తగా గీస్తుంది. సెకనులో ఎన్నోసార్లు గీయాలి కదా, అందుకని బొమ్మలు గీయడానికే వేరే చిప్పు ఉంటుంది. అది చాలా ఫాస్ట్. కానీ తెరంతా సన్న చుక్కలే కదా, చవక ఫోన్లలో గీత ఆ చుక్క కన్నా సన్నమైపోతే..."

"సన్నమైపోతే ఏటి?"

"రెండు చుక్కల మధ్య పడితే వదిలేస్తుంది. గీయదు. మంచి ఫోనైతే లేతగానైనా చూపిస్తుంది."

"మరి తాళం ఏస్తే వచ్చింది కదే?"

"తాళం వేస్తే ఆ చిప్పు కాదు ఆంటీ. ఫోను అసలు బుర్ర ఉంటుంది కదా, అది నెమ్మదిగా, జాగ్రత్తగా ఒక్కసారి గీసి అతికించేస్తుంది. ఎలాగూ కదలదు కదా అని నేనే అలా పెట్టాను. మీ వేలు కోసం. మీరొక్కరే కదా తాళం వేసుకునేది."

రెండు నెలలు నేను వేలు నడిపింది లోకంలో ఇంకెవరూ చూడని పటం మీద. గడ్డపార పట్టేవాళ్లంతా చూసేది వేరే పటం. దాన్ని నేను ఒక్కనాడూ చూడలేదు. వాళ్లెవరూ తాళం వెయ్యరు. ఎందుకేస్తారు? వాళ్లు గీత మీద వేలు నడపరు, పటాన్ని వేలితో నడుపుతారు.

గార్డు డబ్బా దాటింది. గేటు ఇంకా పూర్తిగా లేవకుండానే పిల్ల స్కూటీని కింద నుంచి దూర్చింది. పాలవాడు ఏదో తిట్టాడు.

గోడౌను వెనక్కి తిరిగేసరికి దూరం నుంచే కనిపించింది. కంచె మీద మేటు చొక్కా. దాని జేబులోంచే మోత. గోతిలో నడుం లోతున మేటు, బనీనుతో. గట్టున వరసగా పేర్చిన ఇటుకలు. ఆ ఇటుకలేంటో నాకు తెలుసు. భూమిలో కేబుల్ వేసేటప్పుడు పైన ఇసక పోసి, ఇసక మీద ఇటుకలు పరుస్తారు, తవ్వేవాడికి హెచ్చరికగా. ఇటుకలు గట్టు మీదికొచ్చాయంటే కింద మిగిలింది ఇసకే. మేటు రెండు చేతులతో గడ్డపార తలపైకి ఎత్తాడు.

అప్పుడు నా గొంతులోంచి ఎలాంటి కేక వచ్చిందో నాకు తెలీదు. ఆ కేకకి గోడౌను రేకుల మీది పావురాలన్నీ లేచాయని పిల్ల తరవాత చెప్పింది.

"ఒరే, ఆగరా! కింద కరెంటు! దించకురా!"

గడ్డపార పైనే ఆగింది. వాడు నావైపు చూశాడు, కిందికి చూశాడు. ఆ బరువును తలపైన అలాగే నిలబెట్టి ఉంచడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. గట్టు మీద ఉన్న మనిషి ఒకడు ముందుకు వంగి గడ్డపార మొన పట్టుకుని మెల్లగా తనవైపు లాక్కున్నాడు. మేటు చేతులు ఖాళీ అయ్యాక కూడా అలాగే పైకి ఉన్నాయి కొంతసేపు.

తరవాత వాడు గోతిలోంచి పైకొచ్చి ఇటుకల పక్కన చతికిలబడ్డాడు. గట్టు మీది మనిషి బోర్లా పడుకుని చీపురుపుల్లతో ఇసక తోశాడు. బెత్తెడు లోతులో నల్లగా కేబుల్ మెరిసింది.

మేటు కేబుల్ వైపే చూస్తూ అన్నాడు. "ఇటికలు సూసినానప్పా. కొత్తోడినేటి, నాకు తెల్దా? ఇటికలొచ్చినాయంటే కింద ఏదో ఉందని తెల్దా? ఆగినాను కూడా. మరి ఫోన్లో నేదు కదా, అప్ప కూడా సూసి కానియ్యమంది కదా, ఏదో పాత గోడ పునాదైయుంటాదిలే అనుకున్నాను."

కోపంగా అనుంటే ఎంతో బాగుండేది. వాడు నాకు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. ముప్ఫయ్యేళ్లు మట్టిని చదివినవాడు, నా మాట విని మట్టి చెప్పింది నమ్మడం మానేశాడు. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్లి అన్నం వండుకున్నాను గాని ముద్ద ఎత్తలేదు.

సాయంత్రం పెద్ద సారు పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. అప్పటికే ఒక కాగితం రాసి పెట్టుకున్నాడు. పైవాళ్లు అడగక ముందే జవాబు సిద్ధం కావాలి కదా. ఆ కాగితంలో తప్పంతా మేటుది. ఇటుకలు కనబడినా పని ఆపలేదని. చదివి వినిపించాడు.

"ఇది పైకి పోతే ఆడి ఉద్యోగం పోద్ది కదా సార్" అన్నాను.

"సస్పెండ్ చేస్తారు. తరవాత చూద్దాం."

"సంతకం నాది సార్."

"మీరు సరిగ్గానే చెక్ చేశారమ్మా. పటంలో గీత ఉంది కదా."

"నేను సూసిన పటంలో ఉంది. ఆడు సూసిన దాంట్లో నేదు. ఆడు సూసింది నేనెప్పుడూ సూడనేదు. అది రాయండి."

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. దానిది కాంట్రాక్టు ఉద్యోగం. నోరు విప్పితే మర్నాటి నుంచి రానక్కర్లేదనేస్తారు. నేను దానివైపు చూడలేదు, బలవంతం చేసినట్టవుతుందని. అదే లోపలికొచ్చి, "తాళం పెట్టింది నేను సార్, ఆంటీకి తెలీదు. చవక ఫోన్లో నేనూ చూడలేదు" అంది.

సారు తల పట్టుకున్నాడు. "ఇద్దరూ రాసివ్వండి" అన్నాడు.

నాకు రాయడం వచ్చింది తెలుగే. సారుకి తెలుగు రాదు, ఆయనతో నేను మాట్లాడేది నా వచ్చీరాని హిందీలోనే. పిల్లకి మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని నేను తెలుగులో రాసుకుని, పైకి చదువుతుంటే పిల్ల హిందీలో టైపు చేసింది. మధ్యమధ్య ఆగి, "ఆంటీ, ఇంత ఘాటుగా రాయాలా?" అని అడిగేది. "రాయి" అనేదాన్ని. పైనుంచి జవాబు వచ్చేదాకా పదిహేను రోజులు, ఎవరిని తీసేస్తారో తెలీక ముగ్గురం ముళ్ల మీద ఉన్నట్టున్నాం. మేటు రోజూ పొద్దున్నే ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి నిలబడేవాడు. నేను తల అడ్డంగా ఊపితే వెళ్లిపోయేవాడు.

చివరికి మేటుకు హెచ్చరికతో సరిపెట్టారు. నాకు మెమో వచ్చింది, నా సర్వీసు మొత్తంలో అదొక్కటే. పిల్లను ఉంచారు, ఆ మెలిక విప్పడం వేరే ఎవరికీ చేతకాదు కాబట్టి. ఫోన్లలో పటాలన్నీ ఆపేసి, మళ్లీ మొదటి నుంచి చూడమన్నారు.

ఈసారి నేను ఒక షరతు పెట్టాను. పిల్ల ఫోను వద్దు, ఆఫీసు ఫోను వద్దు, తవ్వేవాళ్ల ఫోన్లు కావాలి. గాంగులు వచ్చి మా బల్ల మీద ఫోన్లు వరసగా పరిచారు. పగిలినవి, రబ్బరు బ్యాండు చుట్టినవి, వెనకాల దేవుడి బొమ్మ అతికించినవి, సున్నం మరకలవి. పిల్ల ఏ గీతా చుక్క కన్నా సన్నం కాకూడదని లోపల మార్చింది. తాళం బొత్తం తీసేసింది. నేను వేలు ముడుచుకుని, గాంగువాళ్లు ఎలా చూస్తారో అలాగే కుదించి, సాగదీసి, ఎండలో బయటికి పట్టుకెళ్లి చూశాను. చేతకాక మొదట్లో విసుక్కున్నాను కూడా. ఒక్కో ఫోనుదీ ఒక్కో బుద్ధి. ఒకదాంట్లో గీత నిలబడితే ఇంకోదాంట్లో ముక్కల మధ్య సందులు పూడుకుపోయి, కరెంటు గీత కాస్తా తెగకుండా పోయే నీళ్ల గీతలా కనపడేది. పిల్ల సరిచేసేది, నేను మళ్లీ బల్ల చుట్టూ తిరిగేదాన్ని. మీకు వినడానికే విసుగ్గా ఉంటుంది, మాకు అదే పని నెలల తరబడి.

అన్నీ దారికొచ్చాయి, రెండు ఫోన్లు తప్ప. వాటిలో ఆ పంపుహౌసు గీత ఒకసారి వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. పిల్ల ఎంత తవ్వినా కారణం దొరకలేదు. ఇంతలో నా ఆఖరి రోజు రానే వచ్చింది.

దండ వేశారు, శాలువా కప్పారు, లడ్డూలు పంచారు. పెద్ద సారు మంచి మాటలే చెప్పాడు. తరవాత పక్కకు పిలిచి, పెన్షన్ కాగితాలతో పాటు ఆ పంపుహౌసు పటం సరిగ్గా ఉందనే కాగితం కూడా ముందు పెట్టాడు. "రెండు ఫోన్లే కదమ్మా. ఇది కూడా అయిపోతే మీ చేతి మీద పూర్తయినట్టుంటుంది" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నాక్కూడా పూర్తయిందనిపించుకుని దిగిపోవాలనే ఉంది. పెన్షన్ కాగితాల మీద ఎక్కడెక్కడ చూపిస్తే అక్కడల్లా సంతకాలు పెట్టాను. పటం కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టేశాను. బాధపడ్డాడని మొహం చూస్తే తెలిసింది.

బయటికొస్తే వరండాలో మేటు నిలబడి ఉన్నాడు, చేతిలో లడ్డూ.

"ఆ పంపుహౌసు కాయితానికి సంతకం ఎట్టినావా అప్పా?"

"నేదు."

"సరే అయితే. రేపు మేం అక్కడ తవ్వం" అని లడ్డూ మొత్తం ఒక్కసారే నోట్లో వేసుకుని, గాంగువాళ్లకి చెప్పడానికి వెళ్లిపోయాడు.